బ్యాటరీ రంపం, నేనాడిన బైకు అబద్ధం

నాకు పది వేళ్లూ ఉన్నాయి. ముప్పై ఆరేళ్లు వడ్రంగి పని చేసి, చివరి తొమ్మిదేళ్లు బ్యాటరీ రంపంతోనే చేసి, పది వేళ్లతో ఇంటికొచ్చిన మనిషిని చూస్తే కొత్తగా పనిలోకొచ్చేవాళ్లకు గౌరవం పుడుతుంది. "సామేల్ మేస్త్రీ అంత జాగ్రత్త మనిషి ఇంకొకరు లేరు" అంటుంటారు. ఎదురుగా అంటే నేను కాదనను. పొగడ్తను కాదనే అలవాటు నాకు లేదు. కాని రాయడానికి కూర్చున్నాక ఉన్నమాట రాయాలి. నా వేళ్లు మిగిలింది జాగ్రత్త వల్ల కాదు. రంపానికి నా వేళ్లకంటే ముందు తొడ దొరికింది, అంతే.

మాది ధారూర్ దగ్గర పల్లె. నాన్న కంది, జొన్న పండించేవాడు. మా చర్చికి బెంచీలు చేయడానికొచ్చిన ఒక మేస్త్రీ వెంటపడి నేను ఉలి పట్టడం నేర్చుకున్నాను. తర్వాత తాండూరులో గోవింద్ సేట్ ఫర్నిచర్ వర్క్‌షాపులో చేరి, రిటైరయ్యేదాకా ఆయన దగ్గరే ఉన్నాను. తలుపులు, కిటికీలు, బీరువాలు, వంటింటి అల్మారాలు. ఎన్ని చేశానో నాకు లెక్క తెలియదు, మీకూ అక్కర లేదు. ఒక్క మిషను గురించి, ఒక్క మనిషి గురించి చెబుతాను.

తీగ ఉన్న రోజులు

బ్యాటరీ రంపం రాకముందు మా దగ్గర కరెంటు రంపాలుండేవి. తోక లాంటి తీగ కాళ్లకు అడ్డం పడేది. దాన్ని తిట్టని రోజు లేదు. ఆ తీగ మమ్మల్ని ఎంత కాపాడిందో అది పోయాకే తెలిసింది. బ్లేడు మార్చాలంటే ముందు ప్లగ్గు పీకేవాళ్లం. రంపాన్ని ఎత్తుకుని నడుస్తుంటే తీగ వెనక్కి లాగి, నీ చేతిలో ఏముందో గుర్తు చేసేది. తాండూరు కరెంటు కూడా పుణ్యం కట్టుకుంది. రోజూ రెండు మూడు సార్లు పోయి, మాకు టీ తాగే తీరిక ఇచ్చేది. అలసిన చేతులతో రంపం పట్టే అవకాశమే రానిచ్చేది కాదు.

ఒకరోజు గోవింద్ సేట్ హైదరాబాదు నుంచి బ్యాటరీ రంపం తెచ్చాడు. సేటు మంచివాడు. కొత్త వస్తువులంటే ప్రాణం, వాటి వెంట వచ్చే పుస్తకాలంటే అంత ఇష్టం లేదు. రంపానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఎట్లా వాడాలో చెప్పే పుస్తకాన్ని భక్తిగా పూజ అల్మారాలో పెట్టాడు. దాన్ని ఈ తొమ్మిదేళ్లలో ముట్టుకున్నది బొద్దింకలు మాత్రమే.

"చూడు మేస్త్రీ, వైరు లేదు, పరేషాన్ లేదు" అన్నాడు. నెల తిరక్కుండానే అందరికీ తలా ఒకటి తెప్పించాడు.

నిజమే. వైరు లేదు. దానితోపాటు భయం కూడా పోయింది. ఇప్పుడు చెబుతున్నా వినండి: బ్యాటరీ లోపల ఉన్నంతసేపు అది పని చేస్తున్న మిషనే. బల్ల మీద ఉన్నా, సంచిలో ఉన్నా, నువ్వు బ్లేడు మారుస్తున్నా అంతే. దానికి పీకే ప్లగ్గు బ్యాటరీయే. బ్లేడు ముట్టుకునే ముందు బ్యాటరీ తీసి జేబులో వేసుకోండి. పక్కన పెడితే కుదరదు, జేబులోనే. పక్కన పెట్టినదాన్ని నీ మీద ప్రేమతో ఇంకొకరు తగిలించి పెడతారు.

చెక్కముక్క

ఈ రంపానికి కింద ఒక గార్డు ఉంటుంది. అర్ధచంద్రంలాంటి రేకు. చెక్కకు ఆనించి తోస్తే వెనక్కి జరిగి బ్లేడుకు దారిస్తుంది. కోత అయిపోగానే స్ప్రింగుతో మళ్లీ వచ్చి బ్లేడు పండ్లను మూసేస్తుంది. మంచి ఏర్పాటు. కాని సన్నటి ముక్క తీసేటప్పుడు, వాలుగా కోసేటప్పుడు అది అంచుకు తట్టుకుని ఒక క్షణం ఆగుతుంది.

ఆ ఒక్క క్షణాన్ని మిగిల్చాలని నేను ఒక ఉపాయం కనిపెట్టాను. చిన్న చెక్కముక్కను చీలలా చెక్కి గార్డు సందులో దోపితే, అది తెరుచుకునే ఉంటుంది. పని గాలిలా సాగేది. సేటు చూసి, "దిమాగ్ అంటే గిది" అని నలుగురిలో మెచ్చుకున్నాడు.

మా షాపులో నాకంటే మంచి చెయ్యి నర్సింలుది. యాలాల్ మనిషి, నా ఈడువాడే. మాట తక్కువ, కొలత ఎక్కువ. అతను చేసిన తలుపు చౌకట్లో కూర్చుంటే సందులో కాగితం పోయేది కాదు. అందరూ చెక్కముక్క దోపారు, నర్సింలు దోపలేదు.

"గార్డు ఎందుకో పెట్టిండ్రు గద మేస్త్రీ. ఉండనీ" అన్నాడు.

"అది కొత్తోళ్ల కోసం పెడ్తరు. నీకెందుకు, నాకెందుకు?" అన్నాను. అనడంతో ఆగలేదు. మంచి టేకు ముక్క ఏరి, నా చేత్తో చెక్కి, అతని రంపంలో నేనే దోపాను. నర్సింలు ఒకసారి నా వైపు చూసి సరేనన్నట్టు తలూపాడు. ఫోర్‌మన్‌ను గదా, నా మాట కాదనలేకపోయాడు.

ఎవరూ చూడని ప్రమాదం

యాలాల్ దారిలో ఒక కొత్త ఇంటికి అల్మారాలు చేస్తున్నాం. మధ్యాహ్నం నాతో ఉన్న ఇద్దరూ అన్నానికి కిందికి దిగారు. నేను పై అంతస్తులో ఒక్కడినే ఉన్నాను. ఒక్క ప్లైవుడ్ షీటు కోసేసి దిగుదామనుకున్నాను. ఈ పనిలో "ఒక్కటి కోసేసి" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ తొడ జివ్వుమంటుంది.

షీటును రెండు స్టూళ్ల మీద అటొక కొస, ఇటొక కొస ఆనించాను. మధ్యలో ఏ ఆసరా లేదు. కోత సగం దాటాక షీటు మధ్యలో కిందికి వంగింది. కోసిన సందు మూసుకుపోయి రెండు అంచులూ బ్లేడును పట్టేశాయి. పట్టుకుంటే బ్లేడు ఆగిపోతుందని మీరనుకుంటారు. ఆగదు. అది షీటు మీదికి ఎక్కి, మొత్తం రంపాన్ని పట్టిన మనిషి వైపే విసురుతుంది. నేను సరిగ్గా దాని వెనకాలే నిలబడి ఉన్నాను. పక్కకు నిలబడాలని నేను పదిమందికి చెప్పిన మాటే అది. గార్డు మూసుకుని ఉంటే లుంగీ చిరిగేది, తొడ కమిలేది, అంతే. కాని గార్డు సందులో నా తెలివితేటలు దోపి ఉన్నాయి.

లుంగీ కట్టుకుని రంపం పట్టానన్న సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

నెత్తురు చూసి నాకు కలిగిన మొదటి ఆలోచన నొప్పి గురించి కాదు. మెట్ల వైపు చూశాను. ఎవరూ రాలేదు. "హమ్మయ్య, ఎవ్వరు చూడలే" అనుకున్నాను. తువ్వాలతో తొడ గట్టిగా కట్టాను. బండల మీద పడ్డ నెత్తురు మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చేశాను. కిందికి దిగి, అన్నం తింటున్నవాళ్లకు "జర పనుంది, వస్త" అని చెప్పి, బైకెక్కి తాండూరు దాకా నేనే నడుపుకుంటూ పోయాను. ఆ రోజు నేను చేసిన పిచ్చి పనుల్లో రంపం రెండోది మాత్రమే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సరిహద్దు అవతలి మనిషి. తెలుగులో మాట్లాడేది, కోపమొస్తే కన్నడంలోకి దిగేది.

"ఏమైంది?"

"కరణ్‌కోట రోడ్ల సిమెంటు లారీ అడ్డమొచ్చిందమ్మా. బైకు మీదికెల్లి పడ్డ."

ఆమె గాయాన్ని కడిగింది. కాసేపు చూసింది. "మీ బైకుకు పండ్లున్నయా?" అని అడిగింది.

నేను గోడ మీదున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

"సుళ్ళు హేళబ్యాడ్రి" అంది. అబద్ధం చెప్పొద్దని. "నా పని కుట్లు వేయడం, వేస్తా. మీ దగ్గర ఇట్లాంటి బైకులు ఇంకా ఎన్ని ఉన్నాయో వాటిని నడిపేవాళ్లకు మీరే చెప్పాలి."

పదకొండు కుట్లు పడ్డాయి. తలూపి బయటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే లేచి బైకు చూసుకుంటే దాని మీద చిన్న గీత కూడా లేదు. ఎవరైనా అనుమానిస్తారని సుత్తి తెచ్చి ఇండికేటరును నేనే పగలగొట్టాను.

హెల్మెట్లు

నా అబద్ధం నేను అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. సేటు ఇంటికొచ్చి పరామర్శించి, నాకో హెల్మెట్ ఇచ్చాడు. షాపులో అందరికీ ఇప్పించాడు. గేటు దగ్గర "ప్రాణం విలువైనది, హెల్మెట్ ధరించండి" అని బోర్డు రాయించాడు. ఆ నెలలో మా వర్క్‌షాపు తాండూరు మొత్తంలో అత్యంత భద్రమైన చోటు. అందరూ హెల్మెట్ పెట్టుకుని పనికొచ్చి, దాన్ని మేకుకు తగిలించి, చెక్కముక్క దోపిన రంపం అందుకునేవాళ్లు.

నర్సింలు చేసిన పని మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు. బత్తాయిలు తీసుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"లారీ నంబరు చూసినవా?"

"లేదు."

"లారీ రంగు ఏదో గుర్తుందా?"

"ఏమో, దుమ్ముల కనవడలే."

మర్నాడు ఆ మనిషి పని ఎగ్గొట్టి కరణ్‌కోట రోడ్డు మీద నిలబడ్డాడట. లారీలను ఆపి, "మా మేస్త్రీని గుద్దినోడు ఎవడు?" అని డ్రైవర్లతో కొట్లాడాడట. మాట తక్కువ మనిషి అని చెప్పాను గదా. ఉన్న మాటలన్నీ ఆ రోజు లేని లారీ మీద ఖర్చుపెట్టాడు. ఈ సంగతి విన్న రాత్రి నాకు అన్నం సహించలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

మళ్లీ పనిలోకి పోగానే మొదట నా రంపంలోని చెక్కముక్క తీసి పారేశాను. తర్వాత నర్సింలు దగ్గరికి పోయి, "జర ఆ చెక్క తియ్యరాదు" అన్నాను.

"ఎందుకు? నువ్వే పెట్టినవ్ గద."

"ఊకనే అంటున్న."

"ఏమన్న అయ్యిందా?"

ఇంతకంటే సూటిగా ఎవరూ అడగరు. "ఏం కాలే. నీ ఇష్టం" అని వచ్చేశాను. నా పని జీవితంలో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు.

నర్సింలు వేళ్లు

తర్వాత రెండు నెలలకు వర్క్‌షాపులోనే జరిగింది. నర్సింలు ఒక పట్టీ కోసి, రంపాన్ని బల్ల మీద పెట్టాడు. మీట వదిలాక కూడా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. గార్డు మూసుకుని ఉంటే దానివల్ల ఏమీ కాదు. తెరిచి ఉంది కాబట్టి, తిరుగుతున్న పండ్లు బల్లను పట్టుకున్నాయి. రంపం దానంతట అదే వెనక్కి ఉరికింది. అతని ఎడమ చెయ్యి అక్కడ బల్ల మీద ఆని ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు.

నేను ఆ పక్క బల్ల దగ్గరే ఉన్నాను. అతను అరవలేదు. చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, నా వైపు చూసి, "మేస్త్రీ, గిదేంది" అన్నాడు, కొలత తప్పిన చెక్కను చూసినట్టు.

వేళ్లను శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసులో పెట్టుకుని పోయాం. కాని అవి అతికే స్థితిలో లేవు. అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ. పని ముగించి వరండాలోకి వచ్చింది. బెంచీ మీద నేను, పక్కన నర్సింలు భార్య అనంతమ్మ. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది.

"ఇదీ బైకేనా మేస్త్రీ?" అని ఒక్క మాట అని లోపలికి పోయింది.

అనంతమ్మకు అర్థం కాలేదు. "బైకేంది అన్నా? ఈయన రంపం దగ్గర గద ఉన్నడు."

ఇంక దాచడానికి నాకు చోటు లేదు. అంతా చెప్పాను. తొడ, లుంగీ, పొట్టు చల్లి ఊడ్చిన నెత్తురు, సుత్తి, ఇండికేటరు. నర్సింలు రంపంలో చెక్క దోపింది నేనేనని కూడా చెప్పాను.

ఆమె ఏడవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. "గీ ముచ్చట రెండు నెల్ల కింద ఎందుకు చెప్పకపోతివి?" అని అడిగింది.

"సిగ్గయ్యింది చెల్లె."

"సిగ్గా?" అంది. "నీ సిగ్గుకు మా ఆయన వేళ్లు పెట్టినవా అన్నా?"

 

మీటింగు

వారం తర్వాత సేటు మీటింగు పెట్టాడు. "నర్సింలు అజాగ్రత్త వల్ల గిట్ల అయ్యింది. అందరు హోషియార్‌గ ఉండాలె" అని మొదలుపెట్టాడు. ప్రతి ప్రమాదం తర్వాత జరిగే మీటింగులో మొదట దొరికే దోషి అక్కడ లేనివాడే. ఇది గుర్తుపెట్టుకోండి.

నేను లేచి నిలబడ్డాను. "అజాగ్రత్త నాది సేట్" అని, అనంతమ్మకు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. సేటు చాలాసేపు ఆలోచించి, "మరి హెల్మెట్లు?" అని అడిగాడు.

"హెల్మెట్లు మంచియే సేట్. రోడ్డు మీద పెట్టుకుందాం. ఇప్పుడైతే అందరి రంపాల్ల చెక్కలు తీయాలె."

ఒక్కొక్కరే లేచి తమ చెక్కముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టారు. కొందరు జేబుల్లో విడిగా దాచుకున్నవి కూడా తీశారు. అన్నీ నునుపుగా, కొలత తప్పకుండా చెక్కినవి. ఒకటి పాలిష్ కూడా పట్టింది. మా పనితనం ఎక్కడెక్కడ ఖర్చవుతున్నదో ఆ బల్ల మీద కనిపించింది.

సేటును కూడా ఒక మాట అడిగాను. తొందర పెట్టొద్దని. ఆయన ఒప్పుకున్నాడు. ఆ మాట మీద దాదాపు మూడు వారాలు నిలబడ్డాడు. ఆయన వరకు అది గొప్పే.

బైకు ముచ్చట

నర్సింలు నాలుగు నెలలకు పనిలోకొచ్చాడు. ఎడమ చేత మూడు వేళ్లు. మొదట్లో ఉలి జారేది, పట్టు కొత్తగా నేర్చుకున్నాడు. నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. నేను క్షమించమని అడిగితే, "కొలత చెప్పు" అనేవాడు. అట్లా ఒక వానాకాలం గడిచింది.

తర్వాత వికారాబాదులో మా రెండో షాపు తెరిచారు. అక్కడ కొత్త వడ్రంగులకు రంపం చూపించమని నన్నూ నర్సింలునూ పంపారు. నేను ముందు నిలబడి నాకు తెలిసిందంతా మొదలుపెట్టాను.

కోసే షీటుకు కోతకు రెండు వైపులా ఆసరా ఉండాలి, తెగిపడే ముక్క స్వేచ్ఛగా పడాలి. చెక్కను మోకాలి మీద కాదు, బల్లకు శికంజాతో, అంటే క్లాంపుతో, బిగించాలి. బ్లేడు చెక్క కింద ఒక పన్ను లోతు కనిపిస్తే చాలు, అంతకంటే దించొద్దు. రెండు చేతులూ రంపం మీదే ఉండాలి. బ్లేడు గీతకు పక్కకు నిలబడాలి. మొద్దు బ్లేడుతో, ఛార్జి అడుగంటిన బ్యాటరీతో కోయొద్దు, ఎందుకంటే అప్పుడు మనం బలంగా తోస్తాం, ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే మీట వదలాలి, ఆగిందాకా కదిలించొద్దు. బ్లేడు ఆగిందని కంటితో చూశాకే కింద పెట్టాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. లుంగీ వద్దు.

కొత్తవాళ్లు తలలూపుతున్నారు. నేను కూడా ఒకప్పుడు అట్లాగే ఊపాను. వెనక నుంచి నర్సింలు గొంతు వినిపించింది.

"ముందుగాల బైకు ముచ్చట చెప్పు."

వేళ్లు పోయాక అతను నాతో పనికి బయట మాట్లాడిన మొదటి మాట అది. చెప్పాను. చెబుతుంటే చెవులు కాలాయి. ముగిశాక నర్సింలు ముందుకొచ్చి ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. వాళ్లు ఆ చెయ్యి చూసి, రంపం గార్డు చూసి, నన్ను చూశారు. అప్పుడు ఎవరూ తలూపలేదు. ప్రశ్నలడిగారు. ఒకాయన తన పాదం మీద మచ్చ చూపించి, అది కూడా "బైకు" వల్లే అయిందన్నాడు.

ఆ తర్వాత ఎవరు కొత్తగా చేరినా ఇదే పద్ధతి. ప్రతిసారీ సిగ్గు వేసేది. తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. పని నేర్పడానికి నా దగ్గరున్న మంచి పనిముట్టు అదే అయింది. మీరు కోసుకున్నా, కోసుకోబోయి తప్పించుకున్నా, ఆ పూటే చెప్పండి. నవ్వితే నవ్వనీయండి.

చివరి రోజు

నేను రిటైరైన రోజు వికారాబాదు షాపులో సన్మానం చేశారు. గోవింద్ సేట్ ఉపన్యాసమిచ్చాడు. "సామేల్ మేస్త్రీ ఉన్నన్ని రోజులు మాకు ఫికర్ లేకుండె" అన్నాడు. నేను తల దించుకున్నాను, వినయమనుకున్నారు. మెడలో బంతిపూల దండ వేశారు. భుజాల మీద జరీ శాలువ కప్పారు, కొసలు మోకాళ్ల దాకా వేలాడేటంత పెద్దది. నా తర్వాత ఫోర్‌మన్ నర్సింలేనని కూడా అప్పుడే చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను అందరికంటే గట్టిగా కొట్టాను.

"మేస్త్రీ, ఆఖరి కోత కొయ్యి, ఫోటో తీస్తం" అన్నాడు సేటు. జనం ఫోన్లు ఎత్తారు. నాకూ ఉత్సాహం వచ్చింది. టేకు చెక్క బిగించి ఉంది. రంపం అందుకుని, ఫోన్ల వైపు ఒక నవ్వు నవ్వి, వంగాను. శాలువ కొస బ్లేడు పక్కన ఊగుతున్నది. దండలో పూలు రంపం అడుగు ప్లేటు మీద రాలుతున్నాయి. నేను చూసుకోలేదు. నా మీద ఫోన్లున్నాయి.

నర్సింలు గుంపులోంచి వచ్చాడు. మూడు వేళ్ల చేత్తో రంపం పట్టుకుని, కుడి చేత్తో బ్యాటరీ పీకి, తన జేబులో వేసుకున్నాడు.

"అరే నర్సింలూ, ఫోటో తీస్తున్నం గద!" అన్నాడు సేటు.

"తీసుకోండ్రి సేట్. ఉత్త రంపంతోటి ఎన్నన్న తీసుకోండ్రి" అన్నాడు నర్సింలు. నా వైపు తిరిగాడు. "కొయ్యాలంటే శాలువ తీసి రా. దండ తీసి రా. అద్దాలేవి?"

నలభైమంది ముందు మేస్త్రీకి ఎవరూ అట్లా చెప్పరు. నేను ముందు ఉత్త రంపంతోనే నవ్వుతూ ఫోటోకు నిలబడ్డాను, తర్వాత దండ తీశాను. శాలువ మడతపెట్టి కుర్చీలో పెట్టాను. అద్దాలు వెతికి పెట్టుకున్నాను. నర్సింలు గార్డును వేలితో ఒకసారి లాగి వదిలాడు. అది టక్కున మూసుకుంది. అప్పుడు జేబులోంచి బ్యాటరీ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ కొయ్యి మేస్త్రీ" అన్నాడు.

కోశాను. మంచి కోత. బ్లేడు ఆగిందాకా మా ఇద్దరి కళ్లూ దాని మీదే ఉన్నాయి. దాన్ని మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు, దండా శాలువా లేకపోతే ఏం బాగుంటుందని.

సేటుకు నచ్చింది ముందు తీసిన ఫోటో. పెద్దగా చేయించి, చట్రం కట్టించి, షాపులో గోడకు పెట్టించాడు. శాలువ, దండ, నా పెద్ద నవ్వు. వచ్చినవాళ్లంతా మేస్త్రీ భలే ఉన్నాడంటారట. మీరెప్పుడైనా పోతే జర దగ్గరికి పోయి చూడండి. ఆ రంపంలో బ్యాటరీ లేదు.